మీ సత్తాకు మీదే కొలబద్ద

ఇరవై ఏళ్లుగా ఆడుతున్న ఆటగాడితో నిరుడు నేర్చుకున్నవాడు పోటీకి దిగితే? చాలా ఆటల్లో ఫలితం ముందే తెలిసిపోతుంది. గోల్ఫ్‌లో మాత్రం చివరి హోల్ దాకా చెప్పలేం. ఆ మహిమ హ్యాండిక్యాప్‌ది. ఆటగాడి సత్తాను ఒక అంకెలో చెప్పి, ఇద్దరి మధ్య తేడాను స్కోరులో సర్దే పద్ధతి ఇది. గోల్ఫ్ స్టిక్ ఎన్నడూ పట్టనివాళ్లు కూడా దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది.

లెక్క చూడండి. కోర్సు పార్, అంటే నిపుణుడికి పట్టాల్సిన షాట్లు, 72. సీనియర్ హ్యాండిక్యాప్ 6, కొత్తవాడిది 24. సీనియర్ 78 షాట్లలో ముగించాడు, కొత్తవాడికి 94 పట్టాయి. హ్యాండిక్యాప్ తీసేస్తే సీనియర్‌ది 72, కొత్తవాడిది 70. తక్కువ షాట్లవాడే విజేత కాబట్టి గెలుపు కొత్తవాడిదే! ఎవరో జాలిపడి ఇచ్చిన గెలుపు కాదిది. సీనియర్ తన స్థాయిలో ఆడాడు, కొత్తవాడు తన స్థాయిని దాటి ఆడాడు.

మంచి రోజులతో కొలవండి

ప్రపంచమంతటికీ ఒకే హ్యాండిక్యాప్ విధానాన్ని గోల్ఫ్ నియమాలు చూసే ఆర్‌ అండ్‌ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు కలిసి 2020లో తెచ్చాయి. చివరి 20 రౌండ్ల స్కోర్లను ఆయా కోర్సుల కష్టాన్ని బట్టి సరిచేసి, వాటిలో మెరుగైన 8కి సగటు కడతారు. అంటే ఆ అంకె మీరు రోజూ ఆడే ఆటను కాదు, ఆడగలిగే ఆటను చెబుతుంది. అందుకే చాలా రోజులు ఆటగాడి స్కోరు తన హ్యాండిక్యాప్‌ను అందుకోదు. అంతమాత్రాన అతను చేతకానివాడైపోడు.

అలాగని మిగతా 12 రౌండ్లను దాచేయడానికి లేదు. బాగా ఆడినా, బాగా ఆడకపోయినా స్కోరు కార్డు ఇవ్వాల్సిందే. మీ విషయంలోనూ ఇదే పాటించండి. ప్రతి ప్రయత్నాన్నీ రాసిపెట్టుకోండి. మీ సత్తాను మాత్రం మీ మంచి రోజులతో తూచండి.

ఒక్క తప్పుకు హద్దు గీయండి

రౌండుకు 18 హోల్స్ కాబట్టి, హ్యాండిక్యాప్ 18 ఉన్న ఆటగాడికి ప్రతి హోల్‌కూ ఒక షాట్ అదనంగా దక్కుతుంది. పార్ 4 హోల్‌లో బంతి నీళ్లలో పడి, ఇసుకలో ఇరుక్కుని 11 షాట్లు పట్టాయనుకుందాం. హ్యాండిక్యాప్ లెక్కలోకి వచ్చేది 7 మాత్రమే. పార్ 4, దానికి రెండు, ఆ అదనపు షాట్ ఒకటి. అంతకు మించిన నష్టాన్ని లెక్కించరు. ఒక్క హోల్ చెడితే ఆటగాడి స్థాయే పడిపోయిందనడం న్యాయం కాదు కదా!

ఒక ఇంటర్వ్యూ పోయిందనో, ఒక పరీక్ష తప్పామనో ‘నా వల్ల కాదు’ అనేసుకునేవాళ్లు ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోవాలి. తప్పును ఒప్పుకోండి, దాని బరువెంతో అంతే మోయండి.

సాయం కష్టమైన చోట

ఇద్దరు ముఖాముఖి తలపడినప్పుడు హ్యాండిక్యాప్‌ల తేడా 10 ఉంటే, ఎక్కువ హ్యాండిక్యాప్ ఉన్నవాడు ఆ పది షాట్లను ఇష్టం వచ్చిన చోట వాడుకోవడానికి కుదరదు. హోల్స్‌కు దాదాపుగా కష్టాన్ని బట్టి 1 నుంచి 18 వరకు వరస ఉంటుంది. ఆ వరసలో మొదటి పదింటిలోనే ఒక్కో షాట్ దొరుకుతుంది. మిగతా ఎనిమిదింటిలో సమానంగా పోరాడాల్సిందే. సాయం తీసుకోవడం చిన్నతనం కాదు. మీకు నిజంగా కష్టమైనది ఏదో గుర్తించి, అక్కడే అడగండి. మిగతాది మీరే చేయండి.

అంకెతో ఆటలొద్దు

హ్యాండిక్యాప్ నిలబడేది నిజాయతీ మీదే. పోటీలో లాభం కోసం కావాలని చెడుగా ఆడి అంకెను పెంచుకునేవాళ్లున్నారు. అలాంటివాళ్ల అంకెను క్లబ్బు కమిటీ సరిదిద్దవచ్చు. ఎవరైనా తన హ్యాండిక్యాప్ కన్నా అనూహ్యంగా 7 షాట్లు మెరుగ్గా ఆడితే విధానమే అంకెను తగ్గిస్తుంది. గొప్ప కోసం చెడ్డ స్కోర్లు దాచి అంకెను తగ్గించుకునేవాళ్లు కూడా ఉన్నారు. పోటీలో వాళ్లకు రావాల్సిన షాట్లు రావు, ఓటమి తప్పదు. తక్కువ చేసి చెప్పుకున్నా, ఎక్కువ చేసి చెప్పుకున్నా నష్టపోయేది మనమే.

ఈ విధానంలో గరిష్ఠ హ్యాండిక్యాప్ 54, అంటే హోల్‌కు మూడు షాట్ల చొప్పున. 54 హోల్స్ ఆడి స్కోర్లు ఇస్తే చాలు, కొత్తవాళ్లకూ సొంత అంకె వస్తుంది. మొదలుపెట్టే అర్హత అందరికీ ఉంది.

మీరూ ఇవాళే మొదలుపెట్టండి. చదువు, ఉద్యోగం, వ్యాపారం, సంగీతం... ఏదో ఒకటి ఎంచుకుని రాబోయే 20 ప్రయత్నాలను ఉన్నదున్నట్టు రాయండి. మెరుగైన ఎనిమిదింటిని వేరు చేసి, ఆ రోజుల్లో ఏం చేశారో చూడండి. అదే మళ్లీ చేయండి. పక్కవాడి ర్యాంకు పక్కవాడిది. మీరు దాటాల్సింది మీ అంకెను.