రుమేనియన్ అచ్చులు పలకడం ఎలా? తెలుగు నోటికి మొదటి పాఠం

2022 ఫిబ్రవరి చివర్లో యుద్ధం మొదలవడంతో ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలు ఎందరో సిరెత్ సరిహద్దు దాటి రుమేనియాలోకి వచ్చిపడ్డారు. ఆ నెల 26న వాళ్లను ఇంటికి తెచ్చే ఆపరేషన్ గంగ మొదటి విమానం బుకారెస్ట్ నుంచే ముంబైకి వచ్చింది. అప్పటిదాకా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామందికి రుమేనియా అంటే పటంలో వెతుక్కోవాల్సిన దేశమే. ఇప్పుడు అలా లేదు. 2022 నుంచి 2024 వరకు ఆ దేశం ఏటా లక్షమంది విదేశీ కార్మికులకు కోటా ప్రకటించింది. వైద్య విద్య కోసం వెళ్లాలనుకునేవాళ్లు సరేసరి. ప్రత్తిపాడు నుంచి వెళ్లినా, దర్శి నుంచి వెళ్లినా అక్కడ దిగాక మొదట తడబడేది అచ్చుల దగ్గరే. అందుకని వ్యాకరణం జోలికి పోకుండా మనం ముందు నోరు సిద్ధం చేసుకుందాం.

మొదలుపెట్టేముందు ఒక్క మాట: ఇంగ్లిషు మీదుగా వెళ్లకండి. రుమేనియన్ దాదాపుగా రాసింది రాసినట్టు పలికే భాష. ఆ అలవాటు మనకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇంగ్లిషు చదువుకున్న నోటితో చదివితేనే చెడుతుంది.

కావలసినవి

1. ముఖం మొత్తం కనపడే చిన్న అద్దం. పెదవుల పని కళ్లతో చూడాలి.
2. ఒక పెన్సిలు. ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.
3. గొంతు రికార్డు చేసుకునే ఫోను, ఇయర్‌ఫోన్లు. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపేయండి. ఆ హోరులో మాట చివరి అచ్చు వినపడదు, మనకు కావలసిందేమో అదే.
4. నెట్టులో ఫోర్వో అనే సైటు. అక్కడ రుమేనియన్లు పలికిన మాటలు ఒక్కొక్కటే వినొచ్చు. డెక్స్ఆన్‌లైన్ అనే నిఘంటువు మాటలో ఎక్కడ నొక్కి పలకాలో చూపిస్తుంది.
5. ఒక నోటుపుస్తకం. మాటలు మీ చేత్తో, తెలుగులోనే రాసుకోండి.

ఇక్కడ రాత గురించి రెండు ముక్కలు. మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. తెలుగులో లేని అచ్చు ఒకటుంది, దాన్ని ఉ* అని నక్షత్రం పెట్టి రాస్తాను. మాట చివర పెదవి దాటీ దాటనట్టుండే ఇకారాన్ని (ఇ) అని కుండలీకరణంలో పెడతాను. దీర్ఘం కనపడితే దాన్ని సాగదీయమని కాదు, నోరు బాగా తెరవమని.

పద్ధతి

మొదటి మెట్టు: మనకున్న ఐదూ తీసుకుందాం

రుమేనియన్‌లో అచ్చు ధ్వనులు ఏడు. వాటిలో ఐదు మన దగ్గర ఉన్నవే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. వీటి మీద రోజులు ఖర్చుపెట్టక్కర్లేదు. అంకెలతో కానిచ్చేద్దాం: ఉను (ఒకటి), త్రెయ్ (మూడు), పాత్రు (నాలుగు), ఒప్త్ (ఎనిమిది).

జాగ్రత్త ఒక్కచోటే. 'మేక'ను మనలో చాలామందిమి 'మ్యాక'కు దగ్గరగా అంటాం. పక్కన ఆకారమో అకారమో ఉంటే ఎకారం అలా నోరు తెరుచుకుంటుంది. రుమేనియన్‌లో అలా కాకూడదు. 'తెమ' అంటే బడిలో ఇచ్చే ఇంటిపని. అది 'త్యామ' వైపు జారకుండా చూసుకోండి.

రెండో మెట్టు: యె, వొ అలవాట్లు సర్దుకుందాం

మనం 'ఎలా' అని రాసి 'యెలా' అంటాం, 'ఒకటి' అని రాసి 'వొకటి' అంటాం. ఇందులో సగం మనకు లాభం, సగం నష్టం.

లాభం ఏమిటంటే, కొన్ని పాత చిన్న మాటల్లో రుమేనియన్లు కూడా ఎకారాన్ని యె అనే పలుకుతారు: యెల్ (అతను), యెస్తె (ఉన్నాడు, అయి ఉన్నాడు), యెఉ (నేను). నష్టం ఏమిటంటే, మిగతా మాటల్లో అలా అనకూడదు. విద్యార్థిని 'ఎలెవ్' అంటారు, 'యెలెవ్' అనరు. ఈ వాక్యం పదిసార్లు చదవండి: *యెల్ యెస్తె ఎలెవ్.* అతను విద్యార్థి. మూడు మాటలూ అక్కడ ఒకే అక్షరంతో మొదలవుతాయి, పలుకు మాత్రం మొదటి రెండింటిలోనే యె.

ఒకారానికి ఆ వెసులుబాటు కూడా లేదు. ఎనిమిదిని 'వొప్టు' అంటే మూడు తప్పులు ఒకేసారి చేసినట్టు: ముందు వ చేరింది, త కాస్తా ట అయింది, చివర ఉ తగిలింది. అద్దంలో చూస్తూ 'ఒప్త్' అనండి. మొదలుపెట్టేటప్పుడు పెదవులు ముందుకు పొడుచుకొచ్చి కలుసుకుంటే వ వచ్చేసినట్టే.

మూడో మెట్టు: మాట చివరి అ, ఆ

నా లెక్కలో పాఠం మొత్తానికీ ఇదే ముఖ్యం. చాలామంది ఉ* అనే వింత అచ్చు కోసం తాపత్రయపడి దీన్ని వదిలేస్తారు.

ఇంగ్లిషు 'ఏ' అక్షరం నెత్తిన చిన్న గిన్నె బోర్లించకుండా పెట్టినట్టు గుర్తుంటే అది మన పొట్టి అ లాంటి ధ్వని. ఏమీ లేకపోతే ఆ. తేడా చిన్నదే, కానీ అర్థం మారిపోతుంది. 'కాస' అంటే ఏదో ఒక ఇల్లు, 'కాసా' అంటే ఫలానా ఆ ఇల్లు. 'ఫాత' ఒక అమ్మాయి, 'ఫాతా' ఆ అమ్మాయి. 'ఆప' నీళ్లు, 'ఆపా' ఆ నీళ్లు.

ఇలా చేద్దాం:

1. గడ్డం కింద బొటనవేలు ఆనించండి.
2. 'పార' అనండి, మట్టి తీసే పారే. రుమేనియన్‌లో అదే పలుకుకు బేరిపండు అని అర్థం. చివరి ర దగ్గర గడ్డం ఎంత కిందికి దిగిందో చూసుకోండి.
3. ఇంకా తక్కువ దిగేలా మళ్లీ అనండి. మన అకారం కన్నా రుమేనియన్ల అకారం మరికాస్త మూసుకుని, బద్ధకంగా ఉంటుంది. పెదవులు ఎటూ లాగకూడదు.
4. ఇప్పుడు 'పారా' అనండి. చివర్లో గడ్డం బొటనవేలిని కిందికి నెట్టాలి. నెట్టిందా? అదే 'ఆ బేరిపండు'.
5. రెండూ మార్చి మార్చి రికార్డు చేసి, ఇంకొకరికి వినిపించండి. ఏది ఏదో వాళ్లు చెప్పగలిగితే ముందుకు వెళ్దాం, లేకపోతే ఇక్కడే ఉందాం.

ఉల్లిపాయను 'చాప' అంటారు, ఉప్పును 'సారె' అంటారు. మన ఇళ్లలో వినే మాటలే కాబట్టి సాధనకు పనికొస్తాయి. అయితే 'సారె' చివర ఎకారాన్ని తేలిపోనివ్వకండి.

ఈ అకారం మాట మధ్యలో కూడా వస్తుంది. 'పార్' అంటే గుంజ, 'పర్' అంటే జుట్టు.

నాలుగో మెట్టు: తెలుగులో లేని ఉ*

దీన్ని రెండు రకాలుగా రాస్తారు. మాట మొదట్లో, చివర్లో అయితే ఇంగ్లిషు ఐ అక్షరానికి టోపీ. మాట మధ్యలో అయితే 'ఏ' అక్షరానికి టోపీ. పలుకు ఒక్కటే. ఈ పద్ధతి 1993లో రుమేనియన్ అకాడెమీ నిర్ణయించింది. అంతకుముందు అచ్చయిన చాలా పుస్తకాల్లో మాట మధ్యలో కూడా ఐ మీద టోపీయే కనిపిస్తుంది, కంగారుపడకండి.

ఇప్పుడు అద్దం, పెన్సిలు తీసుకోండి.

1. 'ఉ' అని నాలుగైదు క్షణాలు ఆపకుండా అనండి. పెదవులు గుండ్రంగా ముందుకొచ్చి ఉంటాయి.
2. పెన్సిలును ముందుపళ్ల మధ్య అడ్డంగా పెట్టుకోండి. గట్టిగా కొరకొద్దు, నిలిస్తే చాలు. ఇక పెదవులు గుండ్రం కాలేవు.
3. నాలుకను కదపకుండా మళ్లీ 'ఉ' అనడానికి ప్రయత్నించండి. వచ్చేది ఉ లాగా ఉండదు, ఇ లాగా ఉండదు. బాగాలేదనిపిస్తుంది. సరిగ్గా అదే కావాలి.
4. 'ఇ' అయిపోతోందా? నాలుక ముందుకు వచ్చేసింది. 'ఈ… ఉ… ఈ… ఉ' అని నెమ్మదిగా సాగిస్తూ నాలుక వెనక్కూ ముందుకూ జరగడం గమనించండి. సగం దారిలో ఆపండి.
5. 'అ' అయిపోతోందా? గడ్డం దిగింది. మూడో మెట్టులోలా బొటనవేలు పెట్టి ఆపండి.
6. పెన్సిలు తీసేసి అదే ధ్వని నిలపండి. పెదవులు కొంచెం నవ్వుతున్నట్టు పక్కలకు ఉండాలి.

కృష్ణను ఉత్తరాదివాళ్లు 'క్రిష్ణ' అంటారు, మనం 'క్రుష్ణ' అంటాం. ఆ ఇకారానికీ ఉకారానికీ నడుమ ఆగితే దాదాపు ఈ ధ్వని దగ్గరే తేలతాం. చెన్నైలో నాలుగు రోజులున్నవాళ్లకు ఇంకా తేలిక. తమిళులు మాట చివరి ఉకారాన్ని పెదవులు గుండ్రం చేయకుండా పలుకుతారు, చెవికి అది గుర్తుంటే సగం పని అయినట్టే.

ధ్వని కుదిరాక మాటల్లో పెట్టుకుందాం. *ఉ*న్* (లో), *ము*న* (చేయి), *లు*న* (ఉన్ని), *కు*ంప్* (పొలం). ఆ తర్వాత ఈ జంట: *రవ్* అంటే చెడు, *రు*వ్* అంటే నది. రెండు కొత్త ధ్వనులూ ఎదురెదురుగా నిలబడే జంట ఇది, దీన్ని తేలిగ్గా వదలకండి. చివరగా వారం: *సప్తము*న*. 'సప్త' మనకు నోరు తిరిగిందే, మూడో అక్షరం దగ్గరే పెన్సిలు గుర్తు తెచ్చుకోవాలి.

దేశం పేరులోనూ ఈ అచ్చుంది: *రొము*నియా*. 'ని' దగ్గర నొక్కండి.

ఐదో మెట్టు: జంట అచ్చులు

ఎ పక్కన ఆ, ఒ పక్కన ఆ వస్తే చాలా మాటల్లో రెండుగా విడదీయకూడదు. మొదటిది తాకీ తాకనట్టు ఉండాలి, బలమంతా ఆ మీదే. 'సెఆర' అని గబగబా అంటూ పోండి, 'స్యార'కు దగ్గరగా వచ్చి ఆగుతుంది. అది సాయంత్రం. *బున స్యారా* అంటే శుభ సాయంత్రం. అలాగే *న్వాప్తె బున*, శుభరాత్రి.

ఊళ్ల పేర్లు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఇంగ్లిషు కళ్లతో చూస్తే 'తిమిసోరా' అనిపించే ఊరు *తిమిష్వారా*. 'సుసీవా' అనిపించేది *సుచావా*. సిరెత్ దాటివచ్చిన మన పిల్లలు చేరుకున్న ప్రాంతం అదే. చ ధ్వని పక్కన ఎకారం పూర్తిగా కరిగిపోతుంది, అందుకే టీ కూడా అక్కడ అచ్చం మన *చాయ్*లాగే ఉంటుంది.

ఆరో మెట్టు: వినీ వినపడని (ఇ)

మాట చివర హల్లు తర్వాత వచ్చే ఇకారాన్ని చాలాసార్లు పూర్తిగా పలకరు. రాజధాని పేరు వాళ్ల నోట *బుకురెష్త్(ఇ)*. డబ్బు *బాన్(ఇ)*, 'బాని' కాదు. న్ పలుకుతున్నప్పుడే నాలుక నడుమను ఇ అనబోతున్నట్టు అంగిలి వైపు లేపండి, గొంతు మాత్రం ఆపేయండి. గుసగుసలా కొంచెం గాలి వస్తే చాలు.

అలాగని మొత్తం మింగేయకూడదు. *పొమ్* ఒక పండ్ల చెట్టు, *పొమ్(ఇ)* చాలా చెట్లు. ఏకవచనానికీ బహువచనానికీ తేడా ఆ గాలే.

ఇందులోనూ మినహాయింపులున్నాయి. *మెంబ్రి* (సభ్యులు) లాంటి మాటల్లో ముందు రెండు హల్లులు ఉండి రెండోది ర గానీ ల గానీ అయితే ఇ పూర్తిగా వినపడుతుంది. *దొర్మి* (నిద్రపోవడం) లాంటి క్రియల్లో కూడా అంతే. అచ్చు తర్వాత వస్తే య్ అవుతుంది: వాళ్ల కరెన్సీ *లెయ్*.

సాధారణంగా జరిగే తప్పులు

చివర ఉ చేర్చడం. బస్సు, కారు, రోడ్డు అనే నోరు మనది. ఇక్కడ ఆ ఉకారం అర్థాన్నే మార్చేస్తుంది. *పొమ్* ఒక చెట్టు, *పొముల్* ఆ చెట్టు. మామూలు మాటల్లో వాళ్లు ఆ చివరి ల్‌ను తరచూ వదిలేసి 'పొము' అంటారు. కాబట్టి అలవాటుగా మీరు తగిలించిన ఉ వాళ్లకు 'ఆ చెట్టు' అన్నట్టు వినపడుతుంది. 'పొమ్' చివరి మ్ దగ్గర పెదవులు మూసి ఆగండి, రికార్డింగు వినండి.

త, ద లను ట, డ చేయడం. ఇది హల్లుల సంగతే అయినా చెప్పక తప్పదు. ఎండిన మిరపైనా పచ్చిదైనా కారంగా ఉండేది *ఆర్దెయ్ యుతె*, 'ఆర్డెయ్ యుటె' కాదు. ఇంగ్లిషు మీదుగా వచ్చినవాళ్లే ఇది చేస్తారు.

హ్రస్వదీర్ఘాలు వెతకడం. రుమేనియన్‌లో దీర్ఘంతో అర్థం మారదు. నొక్కి పలికే చోటుతో మారుతుంది. *కొపియ్* మాటలో మొదటి అక్షరం నొక్కితే నకళ్లు, రెండోది నొక్కితే పిల్లలు. ఏ మాటలో ఎక్కడ నొక్కాలో రాత చూసి తెలియదు. కొత్త మాట రాసుకునేటప్పుడే నిఘంటువులో చూసి, ఆ అక్షరం కింద గీత పెట్టుకోండి. పత్తి *బుంబాక్*, గీత రెండో అక్షరం కింద. కారం పొడి *బొయా*, అదీ రెండోదే.

ఉ* దొరకగానే అన్నిచోట్లా వాడేయడం. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో అకారాలన్నీ ఉ* అయిపోతాయి. రవ్, రు*వ్ జంటను రోజూ ముందు చదివి తర్వాతే మిగతావి మొదలుపెట్టండి.

ఒకేసారి ఎక్కువసేపు కూర్చోవడం. పావుగంట దాటితే దవడ అలిసిపోయి తెలుగు అచ్చులే వచ్చేస్తాయి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చాలు.

ఇవన్నీ కలిసే చోటు బజారు. *కు*త్ కొస్త?* అంటే ఎంత అని. మొదటి మాటలో ఉ*, చివర తెరవని అ, మధ్యలో త్ దగ్గర ఉ తగలకుండా ఆగడం. ఇది కుదిరితే *ఆమ్ బుంబాక్ షి ఆర్దెయ్ యుతె* అనండి: నా దగ్గర పత్తీ మిర్చీ ఉన్నాయి. రికార్డు చేసి, ఫోర్వోలో ఆ మాటలను ఒక్కొక్కటే వింటూ మీ గొంతు పక్కన పెట్టి సరిచూసుకోండి. తేడా వినపడిన మాట దగ్గర ఏ మెట్టు సడలిందో చూసి, ఆ మెట్టుకే తిరిగి వెళ్లండి.