ఈ మధ్య ఏం వింటున్నవ్?

బీడీలు చుట్టేటప్పుడు చేతులకు తీరిక ఉండదు. కళ్లకూ ఉండదు. ఆకు కత్తిరించాలి. తంబాకు వేయాలి. చుట్టాలి. మూతి మడవాలి. దారం కట్టాలి. వెయ్యి బీడీలు అయ్యేదాకా ఇదే పని. చెవులు మాత్రం ఖాళీగా ఉంటాయి.

నిజామాబాదు, జగిత్యాల, కామారెడ్డి వైపు చాలా ఊళ్లలో ఆడవాళ్లకు ఇదే బతుకుతెరువు. అలాంటి ఒక ఊళ్లో ఒక వసారా ఉంది. రోజూ అక్కడ అయిదుగురు కూర్చుంటారు. ఇల్లు వదినెది. ఆమె పక్కన పెద్దమ్మ. ఎదురుగా ఆపా. గడప దగ్గర అక్క. మూలన చిన్న కోడలు. అందరికీ పేర్లున్నాయి. కాని వసారాలో ఎవరూ పేర్లు పెట్టి పిలుచుకోరు.

చిన్న కోడలి దగ్గర సెల్‌ఫోను ఉంది. పొద్దున్నే దాన్ని ఖాళీ స్టీలు చెంబులో నిలబెడుతుంది. పాట పెడుతుంది. చెంబులో పెడితే పాట గట్టిగా వినిపిస్తుంది. వేరే స్పీకరు కొనక్కరలేదు.

చాలా రోజులు చిన్న కోడలు పెట్టిందే పాట. ఒకనాడు ఒకే పాట మూడోసారి మోగింది. వదినెకు విసుగొచ్చింది.

"రోజు నీ పాటలేనా? మాకు చెవులు లేవా? ఒక్కొక్క రోజు ఒక్కొక్కరు చెప్పాలె" అంది.

అలా మొదలైంది. ఇప్పుడు పొద్దున ఆకు కట్ట విప్పుతూ ఎవరో ఒకరు అడుగుతారు. "ఈ మధ్య ఏం వింటున్నవ్?" అని. అడిగినవాళ్లు పని ఆపరు. చెప్పేవాళ్లు మాత్రం కాసేపు ఆలోచిస్తారు. వీళ్లలో కొందరిని ఈ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు.

మొదట వదినె చెప్పింది. "ఘంటసాల భగవద్గీత" అంది.

"అమ్మో, వద్దు! తొవ్వల పోయెటోళ్లు ఎవరో పోయిన్రనుకుంటరు" అంది అక్క.

అందరూ నవ్వారు. మీకూ తెలుసు కదా. చావు జరిగిన ఇంటి ముందు మైకులో అదే పెడతారు. ఘంటసాల వెంకటేశ్వరరావు 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన పాడిన గీత రికార్డు ఆ తరువాతే జనంలోకి వచ్చింది. ముందు సంస్కృతంలో శ్లోకం వస్తుంది. వెంటనే తెలుగులో తాత్పర్యం వస్తుంది. చదువు రాని వాళ్లకు కూడా గీత అందింది ఆ గొంతు వల్లే.

"చావు కాడ ఎవరన్న వింటరా? ఏడ్సుడే సరిపోతది. పని కాడ వినుండ్రి. తాత్పర్యం వినుండ్రి" అంది వదినె.

విన్నారు. మధ్యలో పక్కింటామె పరుగున వచ్చింది. "ఎవరికేమైంది?" అని అడిగింది. ఆమెను కూడా కూర్చోబెట్టారు.

ఆపా ఉర్దూ పాటలు చెప్పింది. 'పాకీజా' సినిమా పాటలు. లతా మంగేష్కర్ పాడినవి. మాటలు అందరికీ తెలియవు. ఆపా అర్థం చెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ పాటలకు బాణీలు కట్టినాయన గులాం మహమ్మద్. ఆయన 1968లోనే చనిపోయాడు. సినిమా వచ్చింది 1972లో. తన పాటలు ఊరూరా మోగడం ఆయన చూడలేదు.

"ఇది తెలిసినంక విను. పాట వేరే తీర్గ వినబడతది" అంది ఆపా. నిజంగానే అలా వినబడింది.

చిన్న కోడలు 'బలగం' పాటలు పెట్టింది. 2023లో వచ్చిన సినిమా అది. సంగీతం భీమ్స్‌ది. ఆ ఏడు చాలా ఊళ్లలో దాన్ని పంచాయతీ ముందర తెర కట్టి చూశారు. చివరి పాటను మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడారు. ఊరూరా తిరిగి కథలు చెప్పిన కళాకారులు వాళ్లు. ఆ పాటకు కత్తెరలు ఆగిపోయాయి. ఆ రోజు బీడీలు కొంచెం తగ్గాయి కూడా.

అక్క 'శంకరాభరణం' చెప్పింది. 1980 నాటి సినిమా. దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. అందరికీ ముందే వచ్చు.

ఇలా చెప్పుకోవడంలో ఒక పద్ధతి ఏర్పడింది. ఉత్తగా "బాగుంది" అంటే వదినె ఒప్పుకోదు. ఎవరు పాడారు? ఎప్పటిది? ఏ పాటతో మొదలుపెట్టాలి? ఎప్పుడు వినాలి, పొద్దునా, రాత్రా? ఇవన్నీ చెప్పాలి. "నాకు నచ్చలే" అనే హక్కు కూడా అందరికీ ఉంది. చిన్న కోడలు పెట్టిన ఒక డీజే పాటకు నలుగురూ ఆ మాటే అన్నారు. ఆమె ఏమీ అనుకోలేదు. కొంచెం అనుకుందేమో. మరుసటి రోజు మళ్లీ అదే పెట్టింది.

ఫోనులో పాటలు వెతికితే ఒక మాట కనిపిస్తుంది. 'ఆల్బమ్'. పెళ్లి ఫోటోలు అంటించే పుస్తకాన్ని ఆల్బమ్ అంటాం. మరి పాటలకు ఆ మాట ఎందుకు?

వెనుకట పాటలు నల్లని గ్రామఫోను పళ్లేలపై వచ్చేవి. వాటిని రికార్డులు అనేవారు. అది నిమిషానికి 78 సార్లు తిరిగేది. ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. పెద్ద పాటల వరస కావాలంటే నాలుగైదు రికార్డులు కావాలి. వాటిని అట్ట సంచుల్లో పెట్టి పుస్తకంలా కుట్టేవారు. చూడడానికి ఫోటోల ఆల్బమ్ లాగే ఉండేది. అలా ఆ పేరు వచ్చింది. 1948లో అమెరికాలో పెద్ద రికార్డు వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి పాడేది. పుస్తకం అక్కరలేకపోయింది. పేరు మాత్రం మిగిలింది.

మన దేశంలో మొదటి రికార్డులు 1902లో తయారయ్యాయి. కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని పాడింది. పాట చివర ఆమె తన పేరు తనే గట్టిగా చెప్పేది. ఇంగ్లీషులో చెప్పేది. ఎందుకు? ఆమె పాడిన పాటను జర్మనీకి పంపి అక్కడ రికార్డులు అచ్చు వేసేవారు. అక్కడి పనివాళ్లకు మన పాటలు తెలియవు. ఏది ఎవరి పాటో తెలియాలి. చీటీపై సరైన పేరు రాయాలి. అందుకని చెప్పేది.

1963లో ఫిలిప్స్ కంపెనీ కాసెట్టు తెచ్చింది. 1982లో సీడీ వచ్చింది. ఇప్పుడు అన్నీ ఫోనులోకి చేరాయి. కాని కాసెట్టు చేసిన మేలు ఒకటుంది. రికార్డుపై మనం పాడలేం. కాసెట్టుపై ఎవరైనా పాడొచ్చు. ఒక మీట నొక్కితే చాలు.

పెద్దమ్మ వంతు వచ్చినప్పుడల్లా దాటేసేది. "ఏదో ఒకటి పెట్టుండ్రి" అనేది. ఒక రోజు ఆపా వదల్లేదు. "నీకు ఇష్టమైన ఆల్బమ్ ఒక్కటన్న లేదా?" అని అడిగింది.

"ఉండె" అంది పెద్దమ్మ. "మా అమ్మ పాడింది."

1989లో పెద్దమ్మ తమ్ముడు దుబాయిలో ఉన్నాడు. ఆ రోజుల్లో గల్ఫుకు పోయినవాళ్లకు ఇక్కడి నుంచి కాసెట్లు పంపేవారు. రాయడం రాని ఇళ్లలో కాసెట్టే ఉత్తరం. టేపు రికార్డరు ముందు కూర్చుని మాట్లాడేవారు. ఊరికి ఎవరైనా వచ్చి తిరిగి పోతుంటే, వాళ్ల చేతికి ఇచ్చేవారు. పెద్దమ్మ వాళ్లు అలాగే చేశారు. గంట కాసెట్టు. ఒక వైపు అరగంట ఇంటి ముచ్చట్లు. రెండో వైపు అమ్మ పాటలు. బతుకమ్మ పాటలు, తిరగలి పాటలు, నాట్ల పాటలు. తమ్ముడు దుబాయి గదిలో రాత్రిళ్లు అదే వినేవాడు. గదిలో ఉన్న మిగతావాళ్లు కూడా అడిగి పెట్టించుకునేవారు.

1992లో తమ్ముడు తిరిగొచ్చాడు. కాసెట్టు తెచ్చి అక్కకు ఇచ్చాడు. ఆ వానాకాలమే అమ్మ పోయింది.

మూడేళ్ల తరువాత ఇంట్లో పెళ్లి. ఒక పిల్లవాడు సినిమా పాటలు ఎక్కించడానికి ఖాళీ కాసెట్టు వెతికాడు. ఇది దొరికింది. "ఇది ఖాళీదేనా?" అని అడిగాడు. ఎవరో అవునన్నారు. పెద్దమ్మ అప్పుడు పొలంలో ఉంది. నెల తరువాత కాసెట్టు పెట్టి చూస్తే అమ్మ గొంతు లేదు. డాన్సు పాట ఉంది.

"వాని తప్పేముంది? దాని మీద ఏం రాసి లేదు గద. రాసెటోళ్లు ఇంట్ల లేకుండిరి" అంది పెద్దమ్మ.

కాసెట్టు వెనక అంచున రెండు చిన్న పలుకులు ఉండేవి. వాటిని విరిచేస్తే దానిపై మళ్లీ రికార్డు కాదు. కొన్న పాటల కాసెట్లకు ఆ పలుకులు ముందే ఉండేవి కావు. అందుకే అవి చెరిగేవి కావు. ఈ సంగతి పెద్దమ్మ ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దమ్మకు చిన్న కోడలు ఇప్పుడు చెబితే తెలిసింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వదినె అడిగింది. "నీకు ఎన్ని యాదికున్నయి?"

పెద్దమ్మ వేళ్లపై లెక్కపెట్టింది. పదకొండు వచ్చాయి. పన్నెండోది సగమే వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం కార్ఖానాకు బీడీలు ఇవ్వాల్సిన పని లేదు. కోళ్లను దూరంగా తోలారు. చిన్న కోడలు ఫోనును చాట మీద పెట్టింది. పెద్దమ్మ పాడింది. మొదటి పాటకు గొంతు వణికింది. రెండోది సరిగా వచ్చింది. బతుకమ్మ పాటకు మిగతా నలుగురూ కోరస్ పట్టారు. ఆఖరున పెద్దమ్మ తన పేరు చెప్పింది. అమ్మ పేరు చెప్పింది. ఊరి పేరు చెప్పింది.

ఆపగానే ఫోను ఆ పాటలకు తనే ఒక పేరు పెట్టింది. అది పేరు కాదు, అంకెలు. తేదీ, గంట, నిమిషం. ఇలా వదిలేస్తే వారానికి ఏది ఏదో తెలియదు. జాగా చాలడం లేదని ఎవరో ఒకరు తీసేస్తారు.

"పేరు నేనే రాస్త" అంది పెద్దమ్మ.

ఆమె గత ఏడాదే అక్షరాలు నేర్చుకుంది. పలకపై రాయడం వచ్చు. ఫోనుపై రాయడం అదే మొదటిసారి. 'అ' దొరికింది. 'మ్మ' దగ్గర ఆగింది. ఒత్తు ఎక్కడుందో కనిపించలేదు. చిన్న కోడలు చూపించింది. ముందు 'మ' నొక్కాలి. తరువాత పొల్లు గుర్తు నొక్కాలి. మళ్లీ 'మ' నొక్కాలి. అప్పుడు ఒత్తు దానంతటదే కిందికి వస్తుంది. పెద్దమ్మ రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి వచ్చింది.

అమ్మ పాటలు. తీసెయ్యొద్దు.

ఒక్క ఫోనులోనే ఉంచితే అదీ ప్రమాదమే. ఫోను నీళ్లలో పడొచ్చు, పగలొచ్చు. అందుకని తమ్ముడి ఫోనుకు ఒకటి పంపారు. సెల్లు షాపులో చిప్పులోకి ఒకటి ఎక్కించారు. చిప్పు చాలా చిన్నది. దాన్ని చీటీలో చుట్టి, చీటీపై కూడా అదే పేరు రాశారు.

పన్నెండో పాట సగంలో ఆగింది కదా. అది తిరగలి పాట. మెట్‌పల్లిలో పెద్దమ్మ మేనత్త బిడ్డ ఉంది. ఆమెకు మిగతా సగం వస్తుందేమోనని పంపారు. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఫోను మోగింది. మేనత్త బిడ్డ పాడి పంపింది. పెద్దమ్మ మరిచిపోయిన చరణాలు రెండు అందులో ఉన్నాయి. చివర ఇలా అడిగింది.

"ఇంకేమున్నయి వదినె నీ కాడ? నేను గూడ పంపుత."

మీరూ రాయండి

మీరు ఈ మధ్య ఇష్టంగా వింటున్న పాటలు ఏవి? ఎవరు పాడారు? పక్కామెకు ఏ పాటతో మొదలుపెట్టమని చెబుతారు? ఎందుకు? నాలుగు మాటల్లో రాయండి.

మీ ఇంట్లో పాత కాసెట్టు గాని, చిప్పు గాని ఉందా? అందులో ఏముందో విని, దానిపై పేరు రాయండి.

ఈ మాటల్లో ఒత్తులు చూసి రాయండి: అమ్మ, అక్క, పెద్దమ్మ, కాసెట్టు, చిప్పు, తీసెయ్యొద్దు.