కాలు ఎంత నిటారుగా నిలబెట్టాలి?

మోకాలి గుజ్జు అరిగి కాలు వంకరపోతే, మార్పిడి ఆపరేషన్‌లో దాన్ని గీత గీసినట్టు నిటారుగా చేయడమే సర్జన్ పని అనుకుంటాం. కానీ అందరి కాళ్లూ మొదట్లో నిటారుగా లేవు. బెల్జియం సర్జన్ బెల్లెమాన్స్ బృందం 2012లో ఏ నొప్పీ లేని యువతను కొలిస్తే, మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 17 శాతం మందికి 3 డిగ్రీలో అంతకు మించో దొడ్డికాళ్లున్నాయి.

మొదటి పని ఎక్స్‌రే. రోగిని నిలబెట్టి, మోకాలి చిప్ప సూటిగా ముందుకు చూసేలా, తుంటి నుంచి చీలమండ దాకా కాలంతా తీయాలి. కాలు కాస్త పక్కకు తిరిగినా కోణాలు మారిపోతాయి. అలాంటి ఫిల్మ్ మీద ప్లాన్ గీసేకన్నా మళ్లీ తీయించడం నయం.

ఇక లెక్క. తొడ ఎముక మోకాలి కీలుతో చేసే బయటి కోణం 88 డిగ్రీలు, టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) చేసే లోపలి కోణం 85 డిగ్రీలు అనుకుందాం. 85లోంచి 88 తీసేస్తే మైనస్ 3. అంటే అరగకముందే ఇది 3 డిగ్రీల దొడ్డికాలు. ఇప్పుడు ఫిల్మ్‌లో 10 డిగ్రీల వంకర కనిపిస్తే అందులో 7 అరుగుదల తెచ్చిపెట్టినవి. సరిచేయాల్సింది ఆ ఏడే అని నా నమ్మకం.

మెకానికల్ పద్ధతిలో రెండు ఎముకలనూ బరువు దిగే గీతకు 90 డిగ్రీల్లో కోస్తారు. దశాబ్దాల ఫలితాలున్న పద్ధతి, తీసిపారేయలేం. కానీ ఈ కాలికి అలా కోస్తే టిబియా బయటి వైపు ఎముక ఎక్కువ పోతుంది, లోపలి వైపు బిగుసుకుంటుంది. దాంతో బాగున్న లిగమెంట్‌ను వదులు చేయాల్సి వస్తుంది.

అరగకముందున్న కోణాలనే తిరిగి తెచ్చేది కైనమాటిక్ పద్ధతి. ఇందులో ఎంత మందం తీశామో అంతే మందం ఇంప్లాంట్ పెట్టాలి. తొడ ఎముకకు తొడిగే ఇంప్లాంట్ మందం 9 మి.మీ. అయితే, గుజ్జు ఉన్నవైపు 8 మి.మీ. ముక్క తీస్తారు, మిగతా 1 రంపం తినేస్తుంది. గుజ్జు పూర్తిగా పోయినవైపు 6 చాలు, ఎందుకంటే అరిగిన గుజ్జే దాదాపు 2. ముక్క చేతికి రాగానే క్యాలిపర్‌తో కొలిచి, తేడా ఉంటే అక్కడికక్కడే సరిచేస్తారు.

దీనికీ హద్దుండాలి. కెనడా సర్జన్ వెండిటోలి పద్ధతిలో కాలు మొత్తం వంకర 3 డిగ్రీలు, ఒక్కో కోత వాలు 5 డిగ్రీలు దాటకూడదు. మన కాలు సరిగ్గా ఆ అంచున ఉంది.

అంచుల్లో పెరిగిన ఎముక ముళ్లు తీసేశాక, ఎముకల మధ్య ఖాళీని కొలిచే స్పేసర్ బ్లాక్ పెట్టి కాలు చాపి, మడిచి చూస్తారు. లోపలి వైపు ఇంకా బిగుతుంటే మామూలుగా టిబియా కోతనే ఒకటి రెండు డిగ్రీలు మారుస్తారు. ఈ కాలికి ఆ వెసులుబాటు లేదు గనక లిగమెంట్‌ను కొద్దిగా వదులు చేయక తప్పదు.

గతంలో విరిగి వంకరగా అతుక్కున్న ఎముకల్లో ఈ కోణాలు పాత కాలిని చూపించవు. అక్కడ నేను మెకానికల్ గీతకే ఓటేస్తాను.