పొద్దు గుంకిన తరువాత

మనం వాడే విద్యుత్తులో నూటికి సుమారు 70 పాళ్లు నేటికీ బొగ్గు నుండియే లభిస్తున్నది. బొగ్గు స్వదేశంలోనే ఉన్నది గనుక భద్రమని వాదన. ముడి చమురులో 85 పాళ్లకు పైగా దిగుమతి చేసుకొనే దేశానికి అది చిన్న వాదన కాదు. అయితే దాని వెల మన ఊపిరితిత్తులు చెల్లిస్తున్నవి. విద్యుత్కేంద్రాల పొగలోని గంధక వాయువును అదుపు చేయవలెనని 2015లో నిబంధన వచ్చినది. గడువు పలుమార్లు పొడిగించబడి, 2025లో అధిక భాగం కేంద్రాలకు శుద్ధియంత్రాల అమరిక నుండి మినహాయింపే లభించినది.

2017లో కర్నూలు సమీపాన 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఏర్పడినది. కాని మన చదువు దీపం వెలిగేది పొద్దు గుంకిన తరువాత (పరీక్షల ముందు మరీను!). అప్పుడు మళ్లీ బొగ్గే దిక్కు. పగటి విద్యుత్తును రాత్రికి నిల్వచేయనిదే సౌరశక్తి బొగ్గుకు బదులు కాజాలదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో, దిగువ నీటిని తిరిగి జలాశయంలోనికి తోడగలిగే 150 మెగావాట్ల యంత్రాలు ఆరింటిని ఏనాడో అమర్చినారు.