హాఫ్-లైఫ్ ఆటలో భయానక రసం

భరతముని నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దానికి స్థాయిభావం భయం. వికృతమైన ధ్వనులు, భూతదర్శనం, నక్కల యొక్కయు గుడ్లగూబల యొక్కయు అరుపులు, శూన్యగృహ ప్రవేశం, అరణ్యగమనం మొదలైన వాటిని ఆయన ఈ రసానికి విభావాలుగా చెప్పాడు. అంతటితో ఆగక, భయానకం మూడు విధాలని కూడ విభజించి చూపాడు. నటించే భయం వ్యాజజం. బెదరిపోవడం వలన కలిగేది విత్రాసితకం. తాను చేసిన తప్పు వలన కలిగేది అపరాధజం. ఈ విభజన రంగస్థలానికి ఉద్దేశించినది. అయినను, నేటి విద్యార్థులు కంప్యూటరు తెర ముందు కూర్చుని ఆడే ఆటలకు ఇది ఎంతవరకు అన్వయిస్తుందో ఒక్క ఆటను ఆధారంగా చేసుకొని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ఆట పేరు హాఫ్-లైఫ్.

ఆట పరిచయం

ఆడేవాని కంటితోనే లోకాన్ని చూపుతూ, అతని చేతికి ఆయుధమిచ్చి నడిపించే ఆటలను ఫస్ట్ పర్సన్ షూటర్లు అంటారు. ఈ తరగతిలో హాఫ్-లైఫ్‌కు విశిష్ట స్థానం ఉన్నది. మైక్రోసాఫ్ట్ సంస్థలో పనిచేసిన గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ అనే ఇద్దరు 1996లో అమెరికాలో వాల్వ్ అనే సంస్థను స్థాపించారు. క్వేక్ అనే ఆటకు మూలమైన యంత్రాంగాన్ని దాని నిర్మాతల నుండి అనుమతితో తీసుకొని, ఎన్నో మార్పులు చేసి, 1998 నవంబరులో ఈ ఆటను విడుదల చేశారు. కథారచనలో నవలాకారుడు మార్క్ లెయిడ్‌లా పాల్గొన్నాడు. మన నగరాలలోని ఇంటర్నెట్ కేంద్రాలలో ఒకప్పుడు యువకులు గుంపులుగా చేరి ఆడిన కౌంటర్-స్ట్రైక్ ఈ ఆట నుండి పుట్టినదే.

కథ న్యూ మెక్సికో ఎడారిలోని బ్లాక్ మెసా అనే కల్పిత పరిశోధనాలయంలో జరుగుతుంది. గోర్డన్ ఫ్రీమన్ 27 సంవత్సరాల భౌతిక శాస్త్రవేత్త. ఆట ఆద్యంతం మనం అతని కళ్ళతోనే చూస్తాము. అతడు ఒక్క మాటయినా మాట్లాడడు. కథ చెప్పడం కోసం అతని దృష్టిని విడిచి మరొక దృశ్యానికి పోవడమనేది ఇందులో లేదు. అందువలన అతనికి కలిగే ప్రతి ఆపదా మనకే కలిగినట్లుంటుంది.

బెదరింపు వలన కలిగే భయం

మొదట విత్రాసితకాన్ని చూద్దాము. హెడ్‌క్రాబ్ అనే పీత వంటి ప్రాణి చీకటి మూల నుండి ఎగిరి మనిషి తలను పట్టుకుంటుంది. పట్టుబడినవాడు చావక, బ్రతకక, తెల్లకోటుతోనే తూలుతూ నడిచే శవమవుతాడు. బార్నకిల్ అనే మరొక ప్రాణి పైకప్పును అంటిపెట్టుకొని, తాడు వంటి నాలుకను క్రిందికి వ్రేలాడవేస్తుంది. తెలియక దానిని తాకినవాడు మెల్లగా పైకి లాగబడతాడు.

ఇవి ఆడేవానిని ఉలికిపాటుకు గురిచేస్తాయనుటలో సందేహం లేదు. కాని ఈ భయానికి ఆయువు తక్కువ. రెండు మూడు సార్లు దెబ్బతిన్నవాడు మూలలను ముందే పరీక్షిస్తాడు; పైకప్పు చూడనిదే అడుగు వేయడు. పరిచయమైన కొద్దీ భయం జాగ్రత్తగా మారిపోతుంది. ఈ ఆట ఇంతటితో సరిపెట్టుకొని ఉంటే దాని గురించి వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు.

తన చేత వలన కలిగే భయం

ఈ ఆటలో మనసును నిజంగా కలవరపరచే భయం అపరాధజమే. దీనికి నాంది ఆట ఆరంభంలోనే ఉన్నది. ఆనాడు ఫ్రీమన్‌కు అప్పగించిన పని చిన్నది. ఒక స్ఫటికాన్ని ఉంచిన బండిని యంత్రం నుండి వెలువడే కిరణంలోనికి తోయాలి. ఆ స్ఫటికం ఇదివరకటి వాటికంటె స్వచ్ఛమైనదనీ, బహుశా అంత నిలకడ లేనిదనీ సహచరులే చెబుతారు. పై అధికారి ఫలితం కోసం తొందరపడుతున్నాడనీ చెబుతారు. అయినా పని ఆగదు. ఆడేవాడు తోయనంత వరకు కథ కూడ ముందుకు సాగదు.

తోసిన మరుక్షణంలో మెరుపులు, ప్రేలుళ్ళు. తెర చీకటవుతుంది. వేరొక లోకం, అక్కడి వింత ప్రాణులు క్షణకాలం కనిపించి మాయమవుతాయి. తెలివి వచ్చి బయటకు వస్తే, కొద్దిసేపటి క్రితం నడచి వచ్చిన ఆ నడవలే ఇప్పుడు మంటలతో, శవాలతో నిండి ఉంటాయి. పలకరించిన మనుషులే నేలపై పడి ఉంటారు. ఇక్కడ భయాన్ని పుట్టించేది రాక్షసాకారం కాదు. బండిని తోసిన చేయి మనదేనన్న స్మృతి. ఆజ్ఞ ఇచ్చినవారు వేరొకరు కావచ్చును. చేయి మాత్రం మనది.

ఈ సూత్రాన్నే బ్లాస్ట్ పిట్ అనే అధ్యాయం మరింత సూక్ష్మంగా చూపుతుంది. రాకెట్ ఇంజనును పరీక్షించే లోతైన గోతిలో మూడు పొడవాటి మెడలు లేచి ఉంటాయి. వాటి చివర పదునైన ముక్కులు. వాటికి చూపు లేదు, వినికిడి ఉన్నది. ముక్కులతో లోహాన్ని తడుతూ శబ్దం కోసం వెతుకుతుంటాయి. తుపాకి వాటిని చంపలేదు. ఇంధనం, ప్రాణవాయువు, విద్యుత్తు సమకూర్చి ఇంజనును మండించడమొక్కటే మార్గం. అందుకోసం వాటి ప్రక్క నుండే మరల మరల వెళ్ళాలి. ఉర్దూ దాస్తానులలో తిలిస్మును భేదించే వీరునికి లౌహ్ అనే ఫలకం దారి చూపుతుంది. ఇక్కడ అటువంటిదేదీ లేదు. పరుగెత్తితే మన అడుగుల చప్పుడే మన మృత్యువును పిలుస్తుంది. గ్రెనేడును దూరంగా విసిరి, ఆ చప్పుడుకు అవి అటు మరలినప్పుడు ఇటు మెల్లగా నడవాలి. ఇంతవరకు శూరునికి సహజమనిపించిన పరుగు, కాల్పు ఇక్కడ అపరాధాలవుతాయి.

ఆశ భంగమైనప్పుడు

మరొక సన్నివేశం ఇంకను దారుణమైనది. బ్రతికి ఉన్న శాస్త్రవేత్తలందరు సైన్యం వచ్చి రక్షిస్తుందని ఎదురుచూస్తుంటారు. ఆడేవాడు కూడ అదే ఆశతో ముందుకు నడుస్తాడు. సైనికుడు రానే వస్తాడు. ఒక శాస్త్రవేత్త ఆనందంతో అతని వద్దకు పరుగెత్తుతాడు. సైనికుడు అతనిని కాల్చివేస్తాడు. జరిగినదానికి సాక్షులు మిగలకూడదన్నదే వారికి అందిన ఆజ్ఞ అని మనకు క్రమంగా అర్థమవుతుంది.

జర్మనీలో విడుదలైన ప్రతిలో, అక్కడి నిబంధనలను అనుసరించి, ఈ సైనికుల స్థానంలో యంత్రమానవులను పెట్టారు. యంత్రం చంపితే ప్రాణభీతి మాత్రమే మిగులుతుంది. సాటి మనిషి ఆజ్ఞ పేరిట చంపినప్పుడు కలిగే కలవరం వేరు. బండిని తోసిన ఫ్రీమన్, తుపాకిని పేల్చిన సైనికుడు ఇద్దరూ ఆజ్ఞాబద్ధులే. ఇద్దరి నేరం సమానం కాదు. ఒకరు ఫలితం ఎరుగరు, మరొకరు ఎరిగి చేశారు. కాని ఆ పోలిక తోచిన తరువాత ఆట మునుపటి వలె ఆడలేము.

వీటన్నిటికి సాక్షిగా, చేతిపెట్టె పట్టుకున్న ఒక సూటు మనిషి అప్పుడప్పుడు అద్దాల వెనుక, అందని దూరంలో కనిపించి వెళ్ళిపోతుంటాడు. అతడు మనకు హాని చేయడు, సహాయమూ చేయడు. చూస్తుంటాడంతే. చేసిన పనిని ఎవరో గమనిస్తున్నారన్న భావన కూడ అపరాధభయంలో భాగమే కదా!

ముగింపు

నాటకంలో సామాజికుడు వేరు, నటుడు వేరు. వేదికపై జరిగిన తప్పుకు ప్రేక్షకుడు బాధ్యుడు కాడు. అందువలననే అతడు భయాన్ని రసంగా ఆస్వాదించగలుగుతాడు. ఈ ఆటలో నటుడు, సామాజికుడు ఒక్కడే. కుర్చీలో కూర్చున్నవానికి ప్రాణహాని లేకపోయినా, చేత మాత్రం అతనిదే. కనుక హాఫ్-లైఫ్ సాధించిన భయానకం నాట్యశాస్త్ర పరిధిలోనిదే అయినా, అపరాధజమనే దాని మూడవ శాఖను నాటకం కంటె దగ్గరగా మనకు తెచ్చినదని చెప్పవచ్చును.

ఈ ఆటను అమెరికాలో 17 సంవత్సరాలు నిండినవారికి తగినదిగా నిర్ణయించారు. పిల్లల చేతికి ఇవ్వతగినది కాదు. పెద్దలు దీనిని కేవలం కాలహరణమని త్రోసిపుచ్చనక్కరలేదు, విద్యార్థులు కేవలం కాల్పులాటగా ఆడి విడువనూ నక్కరలేదు. రేపు ప్రయోగశాలలలోను, కార్యాలయాలలోను పనిచేయబోయే వారు మనలో ఎందరో ఉన్నారు. సందేహం ఉన్నదని అందరికీ తెలిసి, ఎవరూ ఆపని పని ఒకటి ఏనాడో మన ముందుకు కూడ వస్తుంది. అప్పుడు బండిపై చేయి వేయక ముందు ఒక్క ప్రశ్న అడగగలిగితే, ఈ ఆటలో పడిన భయం వ్యర్థం కాదు.