సమాచార శాస్త్రంలో డాక్టరేట్: ప్రశ్న మన ఊళ్లోనే ఉంది

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చే రైతు ఆ రోజు ధర ఎవర్ని అడిగి తెలుసుకుంటున్నాడు? కమీషన్ ఏజెంటునా, తోటి రైతునా, ఫోన్‌లో వచ్చిన మెసేజినా? కోసిగి, కౌతాళం పల్లెల నుంచి ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, పోయే కూలీలకు గుంటూరు వైపు మిర్చి కోతలు మొదలైన కబురు ఏ దారిన చేరుతోంది? ఎమ్మిగనూరు మగ్గాల మీద తరతరాలుగా నేసిన డిజైన్ల వివరాలను రేపటివాళ్లకు దొరికేలా భద్రపరచాలంటే ఏం చేయాలి?

ఇవి కబుర్ల కోసం వేసుకునే ప్రశ్నలు కావు. గ్రంథాలయ, సమాచార శాస్త్రంలో పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్నలు. ఈ శాస్త్రమంటే పుస్తకాలు అలమరల్లో సర్దడమేనని చాలామంది డిగ్రీ విద్యార్థులు అనుకుంటారు. సమాచారం ఎలా పుడుతుంది, ఎలా భద్రమవుతుంది, వెతికేవాళ్లకు ఎలా దొరుకుతుంది, ఎవరికి అందకుండా పోతుంది, ఎందుకు పోతుంది అన్నవన్నీ దీని పరిధిలోకి వస్తాయి. కంప్యూటర్, భాష, సమాజం మూడూ కలిసే చోటు ఇది.

మన వెనుక ఉన్న చరిత్ర

ఈ చదువు మనకు పరాయిది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్యతో పాటు గ్రంథాలయ ఉద్యమాన్ని భుజాన వేసుకున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులోనే పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రాన్ని పాఠ్యాంశం చేసింది. దేశంలో ఈ శాస్త్రంలో తొలి పీహెచ్‌డీని 1950ల చివర్లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇచ్చింది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ పర్యవేక్షణలో డి.బి. కృష్ణారావు దాన్ని సాధించారు. ఆయన పరిశోధించింది వ్యవసాయ విషయాల వర్గీకరణ మీద. ఆ తర్వాత మరో డాక్టరేట్ రావడానికి 1977 దాకా పట్టింది. ఈ రోజు రాష్ట్రానికి రెండు మూడు విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు వీలుందంటే, ఆ రోజుల నుంచి మనం చాలా దూరం వచ్చినట్టే.

అర్హత, వ్యవధి

బీఏ, బీకాం, బీఎస్సీ ఏ డిగ్రీ చదివినా ఈ దారిలోకి రావచ్చు. డిగ్రీ తర్వాత గ్రంథాలయ, సమాచార శాస్త్రంలో ఏడాది బ్యాచిలర్ కోర్సు (బీఎల్‌ఐఎస్సీ), మరో ఏడాది మాస్టర్స్ (ఎంఎల్‌ఐఎస్సీ) చేయాలి. కొన్ని విశ్వవిద్యాలయాల్లో రెండూ కలిపి రెండేళ్ల కోర్సుగా ఉంటాయి. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారు ఇగ్నో ద్వారా దూరవిద్యలో చేసుకోవచ్చు. పీహెచ్‌డీని మాత్రం దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేయడానికి యూజీసీ ఒప్పుకోదు. అలా ఇప్పిస్తామని చెప్పేవారిని నమ్మవద్దు.

2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ అభ్యర్థులకు 50 శాతం చాలు. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీస వ్యవధి 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2 ఏళ్లు పొడిగించవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది. మహిళా స్కాలర్లు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. పెళ్లయ్యాక చదువు సాగదని ఆగిపోతున్న అమ్మాయిలు, వారి ఇంటి పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఉద్యోగం చేస్తున్నవారికి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది. పనిచేసే సంస్థ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. పాఠశాల, కళాశాల గ్రంథాలయాల్లో ఇప్పటికే పనిచేస్తున్నవారికి ఇది మంచి అవకాశం.

ప్రవేశం, ఫెలోషిప్

ప్రధాన ద్వారం యూజీసీ నెట్. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ విడతల్లో జరుగుతుంది. మొదటి పేపర్‌లో 50 ప్రశ్నలు, రెండో పేపర్‌లో 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు, 3 గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాలను మూడు వర్గాలుగా ఇస్తున్నారు. మొదటి వర్గానికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ దక్కుతాయి. రెండో వర్గానికి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం. మూడో వర్గానికి పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండు వర్గాలవారికి నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ప్రవేశానికి ఆ స్కోరు ఏడాది పాటే చెల్లుతుంది. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో చేరేందుకు పరిశోధన ప్రవేశ పరీక్ష ఏపీ ఆర్‌సెట్ మరో దారి. ఏ విశ్వవిద్యాలయం ఏ ఏడాది ఏ దారిన సీట్లు నింపుతోందో దాని నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి.

జేఆర్‌ఎఫ్ వస్తే ఇంటి మీద భారం పడకుండా చదువు సాగుతుంది. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌గా 42,000 రూపాయలు, దానికి తోడు ఇంటద్దె భత్యం ఇస్తున్నారు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు. రిజర్వేషన్ వర్గాలకు, మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు కేంద్రం విడిగా జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఫీజు కట్టి, ఫెలోషిప్ లేకుండా, వేరే ఆదాయమూ లేకుండా ఫుల్‌టైమ్ పీహెచ్‌డీలో చేరడం పేదింటి పిల్లలకు మంచిది కాదు. ఒకటి రెండు విడతలు ఆగినా సరే, నెట్ గట్టిగా రాసి జేఆర్‌ఎఫ్‌తో చేరండి.

ఎక్కడ చదవాలి?

దగ్గరలో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కొంచెం దూరంలో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్నాయి. విశాఖలో ఆంధ్ర, హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయాలది పాత పేరు. మనవాళ్లు తరచూ మరిచిపోయేది కర్ణాటక వైపు. ఆదోనిలో రైలెక్కితే రాయచూరు, వాడి మీదుగా కలబురగి ఒకే లైను. అక్కడి గుల్బర్గా విశ్వవిద్యాలయంలోనూ, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయంలోనూ ఈ విభాగాలున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ వింటూ పెరిగిన సరిహద్దు పల్లెల పిల్లలకు అక్కడ ఇబ్బంది తక్కువ. లెక్కలు, కంప్యూటర్ బాగా వచ్చినవారు బెంగళూరులోని డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ (డీఆర్‌టీసీ) గురించి తెలుసుకోవాలి. 1962లో రంగనాథన్ నెలకొల్పిన ఈ కేంద్రం ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భాగం.

విభాగం పేరు కంటే గైడు ఎంపిక ముఖ్యం. ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి మార్గదర్శనం చేయకూడదు. ఖాళీ ఉందా అని అడిగే ముందు ఆయన లేదా ఆమె దగ్గర పూర్తయిన సిద్ధాంత గ్రంథాలు రెండు మూడు చదవండి. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి 'శోధగంగ'లో ఉచితంగా చదవవచ్చు. స్కాలర్లు ఎన్నేళ్లకు బయటపడ్డారో, ఎలాంటి పని చేశారో అక్కడే తెలిసిపోతుంది.

అంశం మన నేల మీద నుంచే

నేను విద్యార్థులకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. శోధగంగ తెరిస్తే ఫలానా జిల్లా కళాశాలల్లో ఈ-వనరుల వినియోగం అన్న తరహా థీసిస్‌లు కుప్పలుగా కనిపిస్తాయి. ఊరి పేరు మార్చి అదే ప్రశ్నావళి పంచితే డిగ్రీ రావచ్చు గానీ కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఎవరూ అడగని ప్రశ్న మీ చుట్టూనే ఉంది.

పత్తి సంగతే చూడండి. మద్దతు ధరకు పత్తి అమ్ముకునే రైతులు ముందుగా స్లాట్ బుక్ చేసుకోవడానికి కాటన్ కార్పొరేషన్ 2025లో 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. స్మార్ట్‌ఫోన్ లేని రైతు, చదవడం రాని రైతు, కౌలు రైతు ఆ యాప్ దాకా ఎలా చేరుతున్నారు? మధ్యలో ఎవరి సాయం తీసుకుంటున్నారు? ఆ సాయానికి ఏం మూల్యం చెల్లిస్తున్నారు? ఇది సమాచార అసమానత మీద నిక్కమైన పరిశోధన.

చేనేత మరో గని. 1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం ఏర్పడింది. అలాంటి సహకార సంఘాల పాత రికార్డులను, నేతగాళ్ల నోటి జ్ఞానాన్ని డిజిటల్ భాండాగారంగా ఎలా మలచాలి, నేతలో వాడే మాటలతోనే వెతికేలా సూచిక ఎలా తయారు చేయాలి అన్నది జ్ఞాన వ్యవస్థీకరణలో ఎన్నదగిన పని అవుతుంది.

చరిత్ర వైపు మనసున్నవారికి ఇంకొకటి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. జిల్లా మారింది, రాష్ట్రం మారింది. ఈ ప్రాంతపు పాత కాగితాల్లో ఏవి బళ్లారిలో ఉండిపోయాయి, ఏవి మద్రాసులో ఉన్నాయి, ఏవి కర్నూలు చేరాయి? తెలుగు, కన్నడ, ఉర్దూ, ఇంగ్లిష్ పత్రాలను కలిపి ఒక ఉమ్మడి సూచిక చేయగలిగినవారు ఈ ప్రాంతానికే ఉపకారం చేసినవారవుతారు. ఈ మూడు నాలుగు భాషల మధ్య పెరిగిన మీకంటే ఆ పనికి తగినవారెవరు?

నేర్చుకోవాల్సినవి

తెలుగు మీడియంలో చదివినవారికి ఇంగ్లిష్ భయం సహజం. నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. థీసిస్ కూడా ఎక్కువ చోట్ల ఇంగ్లిష్‌లోనే రాయాలి. ఎంఎల్‌ఐఎస్సీలో చేరిన రోజు నుంచే వారానికొక పరిశోధన వ్యాసం చదివి, సారాంశం సొంత మాటల్లో ఒక పేజీ రాయడం అలవాటు చేసుకోండి. రెండేళ్లలో మార్పు మీకే తెలుస్తుంది. గణాంక శాస్త్రం ప్రాథమికాంశాలు, ఇంటర్వ్యూ చేసే పద్ధతి, గ్రంథాలయ నిర్వహణకు వాడే కోహా, డిజిటల్ భాండాగారాలకు వాడే డీస్పేస్ సాఫ్ట్‌వేర్లు తప్పనిసరి. పైథాన్ కొంత వస్తే ఇంకా మేలు. కోహా, డీస్పేస్ రెండూ ఉచితమే. సొంత కంప్యూటర్ మీద నేర్చుకోవచ్చు.

జర్నళ్లకు డబ్బు లేదన్న కొరతా తగ్గుతోంది. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'ఒక దేశం ఒకే చందా' పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుతున్నాయి. మీ విశ్వవిద్యాలయ లాగిన్‌ను చేరిన మొదటి వారంలోనే తీసుకోండి.

కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనలు కఠినంగా ఉన్నాయి. థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే తిరిగి రాయాల్సి వస్తుంది. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. డబ్బు తీసుకుని వారంలో వ్యాసం అచ్చేసే జర్నళ్లకు, థీసిస్ రాసిపెట్టే సెంటర్లకు దూరంగా ఉండండి. అలా తెచ్చుకున్న డాక్టరేట్ వైవాలో మొదటి ప్రశ్నకే తేలిపోతుంది.

ఉద్యోగాలు

విశ్వవిద్యాలయ అసిస్టెంట్ లైబ్రేరియన్, కళాశాల లైబ్రేరియన్ పోస్టులకు ఎంఎల్‌ఐఎస్సీ, నెట్ చాలు. యూజీసీ స్కేలులో మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది. ఆ పైకి వెళ్లాలంటే డాక్టరేట్ కావాలి. డిప్యూటీ లైబ్రేరియన్ దాటి విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయితే మూలవేతనం 1,44,200 రూపాయలు. బోధన వైపు వెళ్లినా అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి పీహెచ్‌డీ తప్పదు. కాబట్టి వెంటనే జీతం కావాల్సినవారు ముందు నెట్‌తో ఉద్యోగం తెచ్చుకుని, పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేయడం తెలివైన వరస. విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు భర్తీ కావడం ఆలస్యమవుతోంది కనుక పరిశోధన సంస్థలు, ఐఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, వైద్య కళాశాలలు, డేటా నిర్వహణ చేసే కంపెనీల వైపూ చూడాలి.

విదేశాల్లో ఈ చదువు ఐస్కూల్స్ పేరుతో నడుస్తోంది. అమెరికాలో ఇల్లినాయ్, వాషింగ్టన్, మిషిగన్ విశ్వవిద్యాలయాలు ఇందులో పేరున్నవి. అక్కడ పీహెచ్‌డీలో చేరినవారికి సాధారణంగా ట్యూషన్ ఫీజు మినహాయించి, అసిస్టెంట్‌షిప్ కింద స్టైపెండ్ ఇస్తారు. దరఖాస్తులు ఎక్కువగా డిసెంబర్‌లో ముగుస్తాయి. మార్కుల కంటే మీ పరిశోధన ప్రశ్న, రాత నమూనా, సిఫారసు లేఖలకే విలువ ఎక్కువ.

సీమ పల్లె నుంచి అంత దూరం వెళ్లగలమా అని సందేహించేవారికి రాజ్ రెడ్డి జీవితమే జవాబు. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో 1937లో పుట్టిన ఆయన 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను డిజిటల్ రూపంలో అందరికీ ఉచితంగా అందించాలన్న మిలియన్ బుక్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించారు. వేలాది తెలుగు పుస్తకాలు నేడు ఫోన్‌లో దొరకడంలో ఆ పనికి వాటా ఉంది.

చదువులో వెనకబడిన మండలాలని పడమటి కర్నూలును గణాంకాలు ఎప్పుడూ వేలెత్తి చూపుతాయి. ఆ వెనుకబాటు ఎందుకో, సమాచారం ఎక్కడ ఆగిపోతోందో లోపలి నుంచి చూసి రాయగలిగేది ఈ నేల పిల్లలే. ఈ ఏడాది ఎంఎల్‌ఐఎస్సీ చదువుతున్న ప్రతి విద్యార్థీ ఒక నోటుపుస్తకం తీసుకుని తన ఊరి గురించి జవాబు దొరకని ప్రశ్నలు పది రాసుకోవాలి. వాటిలో మిమ్మల్ని ఎక్కువగా వేధించే ప్రశ్నే మీ థీసిస్. తర్వాత వచ్చే నెట్ నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేయండి.