కూరకును కంటికింపునకును పెరటితోఁట

ఖమ్మము మిరపకును ప్రత్తికిని పేరు గన్న సీమ. అచ్చటినుండి భద్రాచలపు టడవి యంచువఱకు గల గ్రామములలో ఎకరముల కొలఁది భూమి గల రైతు సైతము బీరకాయకై సంతకుఁ బోవుచుండుట తఱచు. ఆతని యింటి వెనుక రెండు గుంటల నేల, అనఁగా 242 చదరపు గజములు, ప్రత్తికట్టెల మోపులకు విడువఁబడి యుండును. ఆ నేల నొక క్రమమున నాటినచో ఇంటికిఁ గూరయు, కంటికి నింపును గలుగును. పూలకు వేఱు చోటు విడువ నక్కఱలేదు. కూరమొక్కల పూలే చాలును.

కంచెకు వాక మేలు. ముండ్లు పశువుల నాఁపును. తెల్లని పూలు పరిమళించును. వానకాలమునఁ గాయలు పప్పులోనికి వచ్చును. స్నానపు నీరు పాఱు చోట అరఁటియు చేమయు నుండవలెను. కందయు పసుపును నీరు నిలిచినఁ గుళ్లును గావున వానిని అరఁటి నీడలోనే గట్టుమీఁద నాటవలెను. గెల కోఁతుల పాలైనను నేలలోని కంద యింటికి మిగులును.

పందిరి తలుపున కెదురుగా నుండుట యుక్తము. నేలఁ బ్రాఁకు గుమ్మడిపూవు వేకువను విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. పందిరిపై బీరపూవు సాయంకాలము పచ్చగాను, సొరపూవు చీఁకటిపడు వేళఁ దెల్లగాను విచ్చును. వీనిలో మగపూలు వేఱు, పిందెతోఁ గూడిన యాఁడుపూలు వేఱు. పుప్పొడి యందనిచోఁ బిందె పండుబాఱి రాలును. అట్టిచో ఎరువు కుమ్మరించుటకంటె, మగపూవును ద్రుంచి యాఁడుపూవున నద్దుట మేలు. నాటు చిక్కుడు పగళ్లు కుఱుచయైనఁ గాని పూయదు. తీఁగయే పెరుగుచున్నదని తొందరపడి పెఱికివేయరాదు.

ప్రత్తికిఁ జల్లఁగా మిగిలిన మందును కూరతీఁగపైఁ జల్లుట మిగుల హానికరము. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని భారత ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. ప్రత్తికాయను వండుకొనువాఁడు లేఁడు; బీరకాయను మఱునాఁడే కోసి పిల్లలకుఁ బెట్టుదురు. పుప్పొడి మోయు తేనెటీఁగలును ఆ మందుచేఁ జచ్చును. పిచికారీని పెరటి నూతియొద్దఁ గడుగరాదు. చేను గోడవఱకు వచ్చినచో ఆ వైపునఁ గానుగ నాటవలెను గాని మునగ నాటరాదు. మునగ ఆకు తినెడిది గదా! పేనుబంకకు, లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానఁబెట్టి, వడకట్టి, పూల కంటకుండ ఆకుల క్రింది వైపునఁ జల్లవలెను.

గోదావరి యొడ్డు గ్రామములకు వేఱొక పద్ధతి కావలెను. భద్రాచలమువద్ద నీరు 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును వచ్చినది. అచ్చట వానకాలపు పందిరినే నమ్మక, వరద తీసిన పిదప ఒండ్రుపైఁ దోఁటకూర, ఆనప, చిక్కుడు మరల విత్తవలెను. అందుకు విత్తనము దక్కవలెను గదా. బాగుగ నెండిన గింజలను బూడిదతోఁ గలిపి, ఎండు సొరబుఱ్ఱలో నుంచి, మూఁతిని గట్టిగా మూసి, దూలమునకు వ్రేలఁగట్టవలెను. ఇల్లు విడువవలసి వచ్చినపుడు ఆ బుఱ్ఱను వెంటఁ గొనిపోవుట సులభము.